ఓటు పట్నానిది, మురుగు పల్లెది

నీరు పల్లమెరుగునన్నారు పెద్దలు. మన డెల్టాలో పల్లం ఎక్కడ ఉన్నదో చెప్పడానికి ఇంజనీర్లు రానక్కర లేదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెం మాదిరి ఉన్న కొల్లేరు, ఆ కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు, ఆ రెంటి ఒడ్డున ఉన్న మన పల్లెలు. ఎగువన ఎవరు ఏమి వదిలినా చివరకు చేరేది ఇక్కడికే. వాన నీరు వచ్చింది, వరద నీరు వచ్చింది. వాటితో బ్రతకడం మన తాతలనాడే నేర్చుకున్నాం. ఇప్పుడు ఏడాది పొడుగునా వస్తున్నది పట్టణాల మురుగు. దీనితో సర్దుకుపోవడం మాత్రం నేర్చుకోవలసిన పని లేదు.

మురుగునీటి శుద్ధి అనగానే అది పట్నవాసుల వ్యవహారమని, పురపాలక సంఘం వారు చూసుకుంటారని మనం అనుకుంటాం. అసలు పొరపాటు అక్కడే ఉంది. పట్నంలో ఇంటి ముందు కాలువ పారిందంటే ఆ ఇంటివారి బాధ తీరినట్టే. వీధి చివర తూము దాటిందంటే ఆ వార్డు బాధ తీరినట్టే. ఊరి పొలిమేర దాటి డ్రెయినులో పడిందంటే మొత్తం పట్నం బాధ తీరినట్టే. ఆ తరువాత ఆ నీటిని శుద్ధి చేశారా లేదా అన్నది పట్నం ఓటరుకు కనిపించదు, వాసన రాదు. కనిపించేదీ, వాసన వచ్చేదీ దిగువ ఊళ్ళకు. ఆ ఊళ్ళవారికి పట్నం ఎన్నికలలో ఓటు లేదు.

రోడ్లకు, దీపాలకు, పార్కులకు నిధులు ముందు వెళ్ళి, మురుగు శుద్ధికి చివరి వరుసలో మిగలడానికి కారణం ఇదే. ఇందులో ఏ ఒక్క పాలక మండలి దుర్మార్గమూ లేదు. ఓటు వేసేవాడు అడిగింది చేస్తారు, ఓటు లేనివాడు అడిగితే విని ఊరుకుంటారు. కనుక మురుగు శుద్ధి విషయంలో దిగువ పల్లెలకు మాట చెల్లుబాటయ్యే ఏర్పాటు ఒకటి కావాలి. అది లేనంత కాలం ఎన్ని కేంద్రాలు కట్టినా అవి శంకుస్థాపన ఫలకాలుగానే మిగిలిపోతాయి.

రోజుకు ఆరు వేల ట్యాంకర్లు

ఎంత మురుగు వస్తుందో ఒకసారి లెక్క చూద్దాం. భూగర్భ డ్రెయినేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలన్నది ప్రభుత్వ ప్రమాణం. ఇచ్చిన నీటిలో వందకు ఎనభై వంతులు మురుగుగా బయటకు వస్తుందన్నది ఇంజనీర్ల లెక్క. అంటే తలకు 108 లీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఏలూరులో రెండు లక్షల పైన, భీమవరంలో లక్షా నలభై వేల పైన, గుడివాడ, తాడేపల్లిగూడెం పట్టణాలలో లక్షేసి పైన జనం ఉన్నారు. నాలుగూ కలిపి సుమారు 5 లక్షల 80 వేలు. పై ప్రమాణంతో గుణిస్తే రోజుకు ఆరు కోట్ల లీటర్లు దాటుతుంది. పది వేల లీటర్లు పట్టే ట్యాంకర్లలో నింపితే రోజూ ఆరు వేల ట్యాంకర్లు. ఇది పాత జనాభాతో వేసిన లెక్క. బుడమేరు దారిలో కొల్లేటికి దిగివచ్చే విజయవాడ మురుగు ఇందులో చేరలేదు.

ఇందులో శుద్ధి అయ్యేది ఎంత? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రకటించిన లెక్కలు చూడండి. దేశంలోని పట్టణాలలో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు పుడుతున్నది. కట్టిన శుద్ధి కేంద్రాల శక్తి 3,184 కోట్ల లీటర్లు. వాస్తవంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లు మాత్రమే. మన రాష్ట్రంలో పుడుతున్నది సుమారు 288 కోట్ల లీటర్లు కాగా, కట్టిన కేంద్రాల శక్తి సుమారు 83 కోట్ల లీటర్లు. దేశం మొత్తం మీద చూస్తే కట్టిన కేంద్రాలలోనూ మూడో వంతుకు పైగా శక్తి వృథాగా పడి ఉన్నదన్నమాట. కట్టడం ఒక ఎత్తు, నడపడం ఇంకొక ఎత్తు అన్న సంగతి ఈ అంకెలే చెబుతున్నాయి.

మురుగు కాలువ ఎవరి కోసం తవ్వారు?

డెల్టా రైతుకు పంట కాలువ వేరు, మురుగు కాలువ వేరు. పంట కాలువ నీరు తెస్తుంది. చేను తాగగా మిగిలిన నీటిని, వాన ముంపును మురుగు కాలువ తీసుకుపోతుంది. మన వాడుకలో మురుగు అంటే చేలోంచి దిగే నీరే. ఆ కాలువల బాగు కోసం రైతు డబ్బు కట్టాడు. డెల్టా ప్రాంతాల డ్రెయినేజీ సెస్సు కోసం 1985లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. అంటే ఈ డ్రెయిన్లు చేల కోసం తవ్వినవి, ఊళ్ళ మరుగుదొడ్ల కోసం తవ్వినవి కావు.

ఈ రోజున ఏమైంది? తమ్మిలేరు ఏలూరు పక్కగా కొల్లేటిలోకి దిగుతుంది. ఎర్రకాలువ నీటిని అందుకున్న యనమదుర్రు డ్రెయిన్ భీమవరం మధ్యగా సముద్రం వైపు సాగుతుంది. పట్నం పక్కన పారే ప్రతి డ్రెయినూ పట్నానికి ఖర్చు లేని మురుగు గొట్టమైపోయింది. ఏలూరు, గుడివాడ, విజయవాడల మురుగు కొల్లేటికి చేరుతున్నదని పరిశోధకులూ, అధికారులూ ఎన్నో ఏళ్ళుగా వ్రాస్తూనే ఉన్నారు. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రాంసర్ జాబితాలో చేర్చారు. 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు యంత్రాలు పెట్టి తెగగొట్టారు. అది సరా కాదా అన్న చర్చ ఇక్కడ వద్దు. పల్లెవాడి గట్టు విషయంలో చూపించిన ఆ చురుకుదనంలో నాలుగో వంతు పట్నం తూము విషయంలో చూపించారా అన్నదే ప్రశ్న.

నీరు ఊపిరి ఆడక చస్తుంది

మురుగు కలిస్తే నీటికి ఏమవుతుందో తెలుసుకోవాలి. చేప, రొయ్య పీల్చేది నీటిలో కరిగిన ప్రాణవాయువును. మన ఎండలకు ఒక లీటరు మంచినీటిలో ఏడెనిమిది మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. నాలుగుకు తగ్గితే చేప ఇబ్బంది పడుతుంది. మురుగులోని మలినాన్ని సూక్ష్మజీవులు తినేటప్పుడు ఈ ప్రాణవాయువును వాడుకుంటాయి. శుద్ధి చేయని ఒక లీటరు మురుగుకు రెండు వందల నుండి మూడు వందల మిల్లీగ్రాములు కావాలి. అంటే ఒక లీటరు పట్నం మురుగు ముప్పై లీటర్ల మంచినీటి ఊపిరి తీయగలదు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరవడం చెరువు రైతు ఎరుగనిది కాదు. చెరువులో ఏరేటర్లు తిప్పి కాపాడుకుంటాడు. ఏటికి ఏరేటర్లు ఎవరు తిప్పుతారు?

వేసవిలో ఇది మరీ హెచ్చు. కాలువలు కట్టివేసిన తరువాత డ్రెయిన్లలో మంచినీరు దిగదు. మురుగును పలచన చేసేది ఏదీ ఉండదు. అప్పుడు డ్రెయినులో పారేది అచ్చంగా పట్నం నుండి వచ్చిన నీరే. ఆ నల్లటి నీరు చివరి ఊళ్ళకు వచ్చేసరికి సముద్రపు పోటు ఎదురవుతుంది. పోటుకు వెనక్కి, పాటుకు ముందుకు, రోజుకు రెండు పర్యాయాలు అదే నీరు అటూ ఇటూ ఊగుతుంది. ఏటి మొగ ఇసుక మేట వేసి ఇరుకైనప్పుడు అసలు కదలదు.

ఇది చేపలు పట్టుకునేవారి గొడవ, మాకెందుకు అని వరి రైతు అనుకుంటే పొరపాటు. మురుగులో నత్రజని, భాస్వరం పుష్కలం. చేనుకు డబ్బు పెట్టి కొనే ఆ ఎరువులే డ్రెయినులో గుర్రపుడెక్కకు ఉచితంగా అందుతున్నాయి. గుర్రపుడెక్క అల్లుకున్న డ్రెయిన్ వాన పడ్డ రోజున నీరు లాగదు. నాట్లు వేసిన చేను వారం రోజులు మునకలో ఉండి కుళ్ళిపోతుంది. అధికారులు ఏటా డెక్క తీయిస్తారు, ఏటా మళ్ళీ పెరుగుతుంది. మేత ఎగువ నుండి అందుతున్నంత కాలం తీసిన డెక్క తీసినట్టే తిరిగి పుడుతుంది. పొలం మునకకు, పట్నం మరుగుదొడ్డికి ఉన్న సంబంధం ఇది.

సముద్రం కడిగేస్తుందా?

ఇంత పెద్ద సముద్రం ఉండగా కాసింత మురుగు కలిస్తే ఏమవుతుంది అనే పెద్దలు ఉన్నారు. సముద్రం పెద్దదే. కాని మురుగు పడేది నడి సముద్రంలో కాదు, ఒడ్డున. ఏటి నీరు ఉప్పునీటి కంటె తేలిక. అందుచేత అది వెంటనే అడుక్కు దిగి కలిసిపోదు. పైపొరగా పరుచుకొని తీరం వెంబడి ప్రవాహం ఎటు ఉంటే అటు సాగుతుంది. మనవారు వల వేసేది, పిల్లలు ఈదేది, కార్తీకమాసంలో పేరుపాలెం తీరాన వేల మంది స్నానం చేసేది ఆ ఒడ్డు నీటిలోనే.

ఉప్పు, ఎండ కలిసి రోగక్రిములను చంపుతాయన్న మాట కూడా నిజమే. కాని ఎండ లోపలికి దిగాలంటే నీరు తేటగా ఉండాలి. మొగ దగ్గరి బురద నీటిలో క్రిములు హెచ్చు కాలం బ్రతుకుతాయి, అడుగున పేరుకున్న బురదలో ఇంకా హెచ్చు కాలం. ఆలుచిప్పల జాతి జీవులు నీటిని వడగట్టి తింటాయి గనుక ఆ క్రిములను తమలో పోగు చేసుకుంటాయి. సముద్ర స్నానానికి పనికివచ్చే నీటిలో వంద మిల్లీలీటర్లకు మలసంబంధ క్రిములు వందకు మించరాదని మన దేశ ప్రమాణం. శుద్ధి లేని మురుగులో అదే కొలతకు పది లక్షలు దాటి ఉంటాయి. రెంటికీ నడుమ ఉన్న దూరం ఎంతో చూడండి.

అన్నిటి కంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. సముద్రపు రొయ్య సముద్రంలోనే పుడుతుంది, కాని పెరగడానికి చిన్న పిల్లగా మొగలోకి, ఉప్పుటేటి వంటి పాయలలోకి వస్తుంది. మడ చెట్ల వేళ్ళ మధ్య దాక్కొని పెరిగి మళ్ళీ సముద్రానికి వెళుతుంది. పండుగప్పకు, మండపీతకు కూడా ఈ మొగలే ఉయ్యాలలు. ఉయ్యాలలో విషం పోస్తే పందిట్లో పెళ్ళి ఎక్కడ జరుగుతుంది? సముద్రంలో చేప తగ్గిందని పడవలు ఇంకా లోపలికి పోతున్నాయి, డీజిలు ఖర్చు పెరుగుతున్నది. అందుకు కారణాలు చాలా ఉండవచ్చు. పాయలు పాడుకావడం వాటిలో ఒకటి, మన చేతిలో ఉన్నది కూడా అదే.

శుద్ధి అంటే మంత్రం కాదు

మురుగు శుద్ధిలో పెద్ద మర్మం లేదు. మొదట ఊచల జల్లెడ గుడ్డలను, ప్లాస్టిక్ సంచులను ఆపుతుంది. తరువాత తొట్టిలో ఇసుక దిగుతుంది. ఇంకొక తొట్టిలో నీటిని నిలకట్టి బరువైన మడ్డిని కిందికి దించుతారు. ఆ పైన గాలి ఊదే తొట్టి. ఏటిలో జరగవలసిన పని ఇక్కడ జరుగుతుంది. సూక్ష్మజీవులకు కావలసినంత గాలి అందిస్తే అవి మలినాన్ని తినివేస్తాయి. వాటిని అడుగుకు దించి, తేరిన నీటిలో క్లోరిన్ వంటిది కలిపి క్రిములను చంపి విడుస్తారు. చివరి మెట్టు చాలా ముఖ్యం. కోటి క్రిములలో వందకు తొంభై వంతులు తీసివేసినా ఇంకా పది లక్షలు మిగులుతాయి. నీరు కంటికి తేటగా కనిపించినంత మాత్రాన శుద్ధి అయినట్టు కాదు.

ఈ పద్ధతికి ప్రాణం విద్యుచ్ఛక్తి. గాలి ఊదే యంత్రం ఆగితే తొట్టిలోని సూక్ష్మజీవులకు ఊపిరి ఆడదు. మళ్ళీ కరెంటు వచ్చినా, చచ్చిన జీవులు తిరిగి పెరిగి పని అందుకోవడానికి రోజులు పడుతుంది. కరెంటు బిల్లు కట్టలేక, ఆపరేటరుకు జీతం ఇవ్వలేక, చెడిన మోటారు బాగుచేయించలేక కేంద్రం ఆగిపోతే ప్రారంభోత్సవం నాటి ఫోటో ఒక్కటే మిగులుతుంది. కేంద్రం కట్టడానికి ఢిల్లీ నుండో, అమరావతి నుండో డబ్బు రావచ్చు. నడపడానికి మాత్రం నెలనెలా పట్నమే పెట్టుకోవాలి. తేడా వచ్చేది అక్కడే.

చిన్న పట్టణాలకు ఇంతకంటె చవకైన దారి కూడా ఉంది. అవి వరుస చెరువులు. మొదటిది లోతుగా, రెండోది కొంచెం తక్కువ లోతుగా, చివరిది పలచగా, ఎండ అడుగు దాకా దిగేటట్టు. నీరు ఒకదానిలోనుండి ఇంకొకదానిలోకి నెమ్మదిగా నడుస్తూ రోజుల తరబడి నిలిచి ఉంటుంది. గాలి ఊదే పని పాచి మొక్కలు, క్రిములను చంపే పని సూర్యుడు చేస్తారు. మన ఎండలకు ఇది చక్కగా సరిపోయిన పద్ధతి. దీనికి కావలసింది భూమి. డెల్టాలో భూమి ఖరీదు ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవలసిందే. కాని కరెంటు బిల్లు కట్టలేని యంత్రం కంటె, ఒకసారి కొన్న భూమి ఎక్కువ కాలం పని చేస్తుంది.

సెప్టిక్ ట్యాంకుల సంగతి కూడా మరవరాదు. మన చిన్న పట్టణాలలో చాలా ఇళ్ళకు భూగర్భ డ్రెయినేజీ లేదు. ట్యాంకు నిండగానే లారీ పిలిచి తోడిస్తారు. ఆ లారీ ఎక్కడ దించుతున్నదో అడిగే నాథుడు లేడు. చీకటి పడ్డాక ఏదో ఒక డ్రెయిన్ గట్టు మీద గొట్టం తెరుచుకుంటుంది. నరసాపురంలో ఇటువంటి మడ్డిని రోజుకు పదిహేను వేల లీటర్ల వరకు శుద్ధి చేసే కేంద్రాన్ని నెలకొల్పారు. అంటే పని చేతకానిది కాదు. ప్రతి పట్టణానికీ అటువంటిది ఒకటి, ప్రతి లారీకీ అక్కడ దించినట్టు ఒక రసీదు ఉండాలి.

డబ్బు లేదన్న మాట చెల్లదు

పురపాలక సంఘానికి నిధులు లేవన్న మాట మనం వింటూనే ఉన్నాం. ఈ మాటకు 1980లోనే సుప్రీం కోర్టు జవాబు చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో మురుగు కాలువలు లేక బాధపడిన ఒక వార్డు ప్రజలు మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళారు. డబ్బు లేదని పురపాలక సంఘం సుప్రీం కోర్టు దాకా వాదించింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వాదన ఒప్పుకోలేదు. ప్రజల ఆరోగ్యం కాపాడడం విధి అయినప్పుడు డబ్బు లేదన్న సాకు పనికిరాదని తీర్పు చెప్పారు.

చట్టాలకు కొదువ లేదు. నదులను, కాలువలను కలుషితం చేయరాదని 1974లోనే పార్లమెంటు చట్టం చేసింది. 1991లో తీర ప్రాంత నియంత్రణ ప్రకటన వెలువడింది. పట్టణాల శుద్ధి లేని మురుగును తీర మండలంలో వదలరాదు, ఇప్పటికే వదులుతూ ఉంటే మూడేళ్ళలో మానుకోవాలి అన్నది అందులోని మాట. 2011లో ఆ ప్రకటనను తిరగవ్రాసి ఈసారి రెండేళ్ళు అన్నారు. మురుగు శుద్ధి కేంద్రాలు మూడేళ్ళలో ఏర్పాటు కావాలని 2017 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆదేశించింది. లీటరు నీటికి జీవసంబంధ మలినం పది మిల్లీగ్రాములకు మించరాదని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిర్ణయించింది. గడువు మీద గడువు పుడుతున్నది. మన డ్రెయినులో నీళ్ళ రంగు మారలేదు. చట్టం ఎగువ నుండి దిగుతున్నది, మురుగు కూడా ఎగువ నుండే దిగుతున్నది. దిగువ నుండి అడిగేవాడు లేకపోవడమే లోటు.

మన ఇంటి చూరు కూడా చూసుకోవాలి

పట్నాన్ని వేలెత్తి చూపేటప్పుడు పల్లె చేస్తున్నది ఏమిటన్న ప్రశ్న రాక మానదు. రావలసిందే. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎండగట్టేటప్పుడు అడుగు మడ్డితో సహా అదే డ్రెయినులోకి వదులుతున్నారు. తీర ప్రాంతంలో ఐదు హెక్టార్లు దాటిన రొయ్యల చెరువులకు వదిలే నీటిని శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలని, 2005లో వచ్చిన కోస్తా ఆక్వా చట్టం కింద నిబంధన ఉంది. అది ఎన్ని చెరువుల దగ్గర అమలవుతున్నదో గట్టు మీద నడిచినవారికి తెలుసు. ఒకరు వదిలిన రోగపు నీటిని మరునాడు పక్కవారు తమ చెరువుకు తోడుకుంటున్నారు. తెగులు ఊరంతా పాకుతున్నది.

కనుక పల్లె కూడా కడుక్కోవలసింది చాలా ఉంది. ఐతే రెండు సంగతులు వేరు చేయాలి. పల్లె తప్పు చేస్తున్నది గనుక పట్నం తప్పు ఒప్పు అయిపోదు. పట్నం తప్పు చేస్తున్నది గనుక పల్లె తప్పు మాసిపోదు. పట్నాన్ని గట్టిగా అడగాలంటే మన చేతులు శుభ్రంగా ఉండాలి. ఏ చెరువు ఎప్పుడు ఎండగడుతున్నదీ పంచాయతీకి ముందుగా చెప్పడం, మడ్డి తేర్చడానికి చెరువు మూలన ఒక చిన్న కుంట విడవడం, పక్కవారు నీరు పెట్టుకునే రోజున వదలకపోవడం. ఇవి ఏ జీ.ఓ. రాకపోయినా మనం చేసుకోగలిగిన కట్టుబాట్లు.

శుద్ధి చేసిన నీరు సంపద

మన చేపలు లారీలలో కలకత్తా పోతాయి. ఆ కలకత్తా నగరం తన మురుగును ఏమి చేస్తున్నదో చూడదగినది. నగరానికి తూర్పున సుమారు 12,500 హెక్టార్ల చిత్తడి నేలలలో, ఆ మురుగును లోతు తక్కువ చెరువులలో నిలిపి, ఎండకు తేర్చి, అందులోనే చేపలు పెంచడం దశాబ్దాలుగా సాగుతున్నది. కూరగాయలు, వరి కూడా ఆ నీటితో పండుతాయి. కొల్లేరు రాంసర్ జాబితాలో చేరిన 2002లోనే ఆ నేలలు కూడా చేరాయి. ఒకే ఏడాది గౌరవం పొందిన రెండు చోట్లలో ఒకటి మురుగును తిండిగా మార్చింది, రెండోది మురుగు కింద నలుగుతున్నది.

చెన్నై నగరం మరో దారి పట్టింది. కొడుంగయ్యూరు, కోయంబేడులలో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున శుద్ధి చేసే రెండు కేంద్రాలు 2019లో పెట్టి ఆ నీటిని ఫ్యాక్టరీలకు అమ్ముతున్నది. మన పట్టణాలు చెన్నై కాకపోవచ్చు. ఐనా కాలువలు కట్టిన రెండు నెలలలో శుద్ధి అయిన ఆరు కోట్ల లీటర్లు రోజూ అందితే పశువుల మేతకు, కొబ్బరికి, డ్రెయిన్లలో ఉప్పునీరు ఎగదన్నకుండా ఆపడానికి ఎంత ఆసరా అవుతుందో రైతులకు వేరే చెప్పాలా?

అడగవలసిన చోటు ఒకటి ఉంది

మొదట అన్న మాటకు తిరిగి వద్దాం. దిగువ పల్లెకు పట్నంలో ఓటు లేదు. ఈ చిక్కు రాజ్యాంగం ఊహించనిది కాదు. 1992లో చేసిన 74వ సవరణ ప్రతి జిల్లాకూ ఒక జిల్లా ప్రణాళికా సంఘం ఉండాలన్నది. అందులో ఐదింట నాలుగు వంతుల సభ్యులను జిల్లా పరిషత్తు సభ్యులు, పురపాలక సభ్యులు తమలోనుండి ఎన్నుకోవాలి. పల్లె, పట్నం జనాభాల నిష్పత్తిలో సీట్లు ఉండాలి. పంచాయతీలకు, పురపాలక సంఘాలకు ఉమ్మడిగా సంబంధించిన విషయాలను, ముఖ్యంగా నీటి పంపకాన్ని, పర్యావరణ రక్షణను ఆ సంఘం చూడాలని అందులోనే వ్రాసి ఉంది. పల్లెవాడు, పట్నంవాడు ఒకే బల్ల ముందు కూర్చోవలసిన చోటు అది. పట్నం మురుగు కంటె ఉమ్మడి విషయం ఇంకేముంటుంది? 2022లో జిల్లాలు విడదీసిన తరువాత డ్రెయిన్ ఒక జిల్లాలో పుట్టి ఇంకొక జిల్లాలో సముద్రం చేరుతున్నది. కనుక ఇరుగు పొరుగు జిల్లాల సంఘాలు కలిసి కూర్చోవడం మరింత అవసరం.

అక్కడ అడగవలసినవి పెద్ద కోర్కెలు కావు. ఒకటి, పట్నం మురుగు డ్రెయినులో పడే ప్రతి తూమును గుర్తించి జాబితా ప్రకటించాలి. రెండు, శుద్ధి కేంద్రం కరెంటు బిల్లుకు, ఆపరేటర్ల జీతాలకు పురపాలక బడ్జెట్టులో మొదటి పద్దు కేటాయించాలి, ఆ సొమ్ము వేరే పనికి మళ్ళించరాదు. మూడు, కేంద్రం నడిపే కాంట్రాక్టరుకు బయటకు వచ్చే నీటి నాణ్యతను బట్టి డబ్బు చెల్లించాలి, యంత్రం తిరిగిన గంటలను బట్టి కాదు. నాలుగు, నెలకొకసారి నీటి పరీక్ష జరగాలి. దిగువ పంచాయతీల ప్రతినిధి ఎదుట నమూనా తీయాలి, కాలువలు కట్టిన నెలలలో కూడా తీయాలి. ఐదు, ఫలితాన్ని తెలుగులో బోర్డు మీద వ్రాసి పురపాలక కార్యాలయం దగ్గరే కాక దిగువ పంచాయతీ కార్యాలయాల దగ్గర కూడా పెట్టాలి.

ఈ ఐదింటిలో చివరిది చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కాని మిగిలిన నాలుగింటినీ నడిపించేది అదే. నీటిలో ఉన్న క్రిములను కన్ను చూడలేదు. అంకె వ్రాసి ఉంటే అక్షరం వచ్చిన ప్రతివాడూ చూస్తాడు. పోయిన నెల కంటె ఈ నెల పెరిగితే ఎందుకు పెరిగిందని అడుగుతాడు. అడిగేవాడు ఉన్నాడని తెలిస్తే యంత్రం తిరుగుతుంది.

ఇవి ఎవరో వచ్చి చేసిపెట్టేవి కావు. ఉప్పుటేటి వెంట, యనమదుర్రు వెంట ఉన్న ప్రతి పంచాయతీ రాబోయే గ్రామసభలో ఈ విషయం మీద ఒక తీర్మానం చేయవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి, ఫలానా పట్నం రోజుకు ఎంత మురుగు వదులుతున్నది, ఎంత శుద్ధి చేస్తున్నది, గత ఏడాది నీటి పరీక్షల ఫలితాలేమిటి అని అడగవచ్చు. ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. జవాబు రాకపోతే అదీ ఒక జవాబే. అప్పటికీ కదలిక లేకపోతే హరిత ట్రిబ్యునల్ తలుపు తట్టే హక్కు ఉంది. ఒక ఊరు అడిగితే అర్జీ, ముప్పై ఊళ్ళు కలిసి అడిగితే ఒత్తిడి. వరి రైతు, చెరువు రైతు, వల వేసే బెస్తవారు ఈ ఒక్క విషయంలో ఒకే కాగితం మీద సంతకం పెట్టగలరు. వేరే ఏ విషయంలోనూ వీరి ముగ్గురి లాభనష్టాలు ఇంతగా కలవవు.

పట్నంలో మన బంధువులే ఉన్నారు, మన పిల్లలే అక్కడ చదువుతున్నారు. పట్నం మీద మనకు కక్ష లేదు. వాళ్ళు వాడుకున్న నీటిని కడిగి పంపమంటున్నాం, అంతే. పొరుగింటి ముంగిట్లోకి తన పెరటి నీరు వదిలేవాణ్ణి ఏ ఊరి పెద్దలూ సమర్థించరు. ఊరి మధ్య చెల్లని పని పట్నానికి, పల్లెకు మధ్య మాత్రం ఎందుకు చెల్లాలి?